ఎవరికేమైందో చెప్పని టెలిగ్రాం

మా చిన్నతనంలో ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. ఒకసారి మా నాన్నగారికి "వెంటనే బయలుదేరి రా" అని మాత్రం వచ్చింది. ఎవరికేమైందో లేదు. దారి పొడుగునా ఆయన ఒక్కొక్కరినీ తలుచుకుని కుమిలిపోయారు. తీరా వెళితే ఏముంది? మేనత్త కూతురి పెళ్లిచూపులు!

మన దేశంలో టెలిగ్రాములు 2013లో ఆగిపోయాయి. కాని నాకు మాత్రం అటువంటివి ఇంకా వస్తూనే ఉన్నాయి. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. నడుస్తున్న ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోతే, పోతూ పోతూ ఒక కబురు వదులుతుంది. అది చాలాసార్లు నాన్నగారి టెలిగ్రాం లాంటిదే.

కొన్నేళ్ల కిందట ఒక నెలాఖరు రాత్రి మా ఆఫీసులో జీతాల లెక్క ఆగిపోయింది. తెల్లవారితే జీతాలివ్వాలి. జావా భాషలో రాసిన ఆ ప్రోగ్రాము "నల్ పాయింటర్ ఎక్సెప్షన్, 212వ లైను" అని ఊరుకుంది. ఉండవలసిన చోట ఏమీ లేదని దాని భావం. ఆ ఒక్క లైనులోనే ఉద్యోగి, అతని శాఖ, ఆ శాఖ అధికారి, ఆయన పేరు గొలుసుకట్టుగా ఉన్నాయి. గొలుసు ఎక్కడ తెగిందో చెప్పదే! అన్నీ తడిమి తడిమి నాలుగు గంటలకు పట్టుకున్నాను: కొత్తగా తెరిచిన ఒక శాఖకు అధికారినే వేయలేదు.

ఈ బాధ అందరిదీ కాబోలు. 2020 మార్చిలో వచ్చిన జావా 14, "అధికారి లేడు గనుక పేరు అడగలేకపోయాను" అన్నట్టుగా విడమరచి చెప్పడం నేర్చింది. మొదట కోరితేనే చెప్పేది. అదే ఏడాది వచ్చిన జావా 15 నుంచి కోరకుండానే చెబుతోంది. 2022లో వచ్చిన పైథాన్ 3.11 అయితే లైనులో తప్పిన ముక్క కిందనే గుర్తు గీసి చూపుతుంది.

అయినా, ఏ శాఖకు అధికారి లేడో భాష చెప్పదు. అది రాసినవాడే చెప్పాలి. ఇంత చెప్పే నేనే ఆ ప్రోగ్రాములో మరోచోట "ఏదో పొరపాటు జరిగింది" అని రాసి ఉంచాను! సిగ్గుపడి అన్నీ తిరగరాశాను: ఏ శాఖ, ఏమి లోపించింది, ఏమి చేయాలి. ఎవరి జీతమెంతో, బ్యాంకు నంబరేమిటో మాత్రం అందులో పడనివ్వలేదు. ఇంటిగుట్టు టెలిగ్రాంలో పెట్టం కదా!

కొన్నాళ్లకు మళ్లీ లెక్క ఆగింది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రవాడు కబురు చదువుకుని, తనే సరిచేసుకున్నాడు. ఆ సంగతి నాకు మర్నాడు కాఫీ తాగుతూంటే తెలిసింది.