కొలువు బొమ్మకు పొడి కుంచె

దసరా నెల ఉందనగానే సత్యవేడు ఇళ్లలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. అరవదేశం సరిహద్దులో ఉన్నాం కదా, కోస్తావాళ్లలా సంక్రాంతికి కాకుండా మనకి కొలువు దసరాకే. పాత పంచెల్లోంచి బయటికొచ్చిన శెట్టిగారి తలపాగా వెలిసిపోయి ఉంటుంది. సరస్వతమ్మ వీణ మాసి ఉంటుంది. వెంటనే కిటికీలకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బా తెచ్చి పులిమేస్తాం! ఆ దట్టమైన పూతకి చీర కుచ్చిళ్ల గాడులు పూడిపోతాయి. కనురెప్ప, ముక్కుపుడక, పెదవి గీత కలిసిపోతాయి. అమ్మమ్మ కాలంనాటి బొమ్మకి ముఖం పోతే ఏ బజారులో దొరుకుతుంది చెప్పండి?

దీనికి పొడి కుంచె పద్ధతి మేలు. విదేశాల్లో బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులేసే వాళ్లూ ఇదే వాడతారు. కుంచెకు తడి ఉండకూడదు. చిక్కటి యాక్రిలిక్ రంగు కొసకి కాస్త అంటించి, పాతగుడ్డ మీద దాదాపు ఏమీ రానంతవరకూ తుడిచేయండి. తర్వాత బొమ్మ మీద అలా అలా తేలిగ్గా ఆడించండి. ఎత్తుగా ఉన్న చోటే రంగు పట్టుకుంటుంది, గాడులు పాత ముదురు రంగులోనే ఉండిపోతాయి. ఎర్రచీర మీద కాస్త లేత ఎరుపు చాలు, మడతలు లేచి కనిపిస్తాయి. కళ్ల జోలికి మాత్రం పోవద్దు.

ముందుగా బొమ్మ అడుగున తడి దూదితో రుద్ది చూడండి. రంగు దూదికి అంటితే పొడిగా దుమ్ము దులిపి వదిలేయడమే. కొండపల్లి బొమ్మల చేతులు, కాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికినవి, తడి పనికిరాదు. పాత రంగుని గరుకు కాగితంతో గీకకండి. అందులో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పసిపిల్లలకు మరీ చేటు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోగానీ అమలుకి రాలేదు.

ఈ పనికి అరిగిన కుంచె చాలు, కొత్తది పాడు చేసుకోకండి. యాక్రిలిక్ ఆరితే నీళ్లకు కరగదు. అందుకే పని కాగానే గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడిగి పడుకోబెట్టి ఆరనివ్వండి. గ్లాసులో తలకిందులుగా నానబెడితే వెంట్రుకలు వంగిపోతాయి. డబ్బా మూత మరలు తుడిచి బిగించండి, లేకపోతే వచ్చే ఏడు పట్టకారు వెతుక్కోవాలి. పళ్లెంలో మిగిలిన రంగు తిరిగి డబ్బాలో పోయొద్దు.

రంగేసిన బొమ్మ బాగా ఆరాకే పేపర్లో చుట్టండి. తడి మీద చుడితే శెట్టిగారి వీపు మీద సినిమా ప్రకటన చదువుకోవాల్సి వస్తుంది!