పాట పాడినవారిదా, పండించినవారిదా?

గోదావరి పాయల మధ్య ఒండ్రు పేరుకుని పైకి తేలిన నేలే లంక. పట్టా లంకలు పోను, ఏరు కొత్తగా వేసిన మేట సర్కారుదే. అరటి, కంద, దొండ, బెండ, వంగ, పొగాకు... ఎరువు పెద్దగా అడక్కుండానే పండించే నేల అది. కాకపోతే ఈ ఏడు ఉన్న గట్టు వచ్చే ఏడు ఉంటుందన్న పూచీ లేదు. ఇక్కడ కోతకు పోయిన మన్ను దిగువన ఇంకో లంకగా తేలుతుంది. అందుకే రికార్డుల్లో వీటిని ఏ, బీ, సీ తరగతులు చేశారు. గట్టిపడి నిలిచినవి మొదటి రెండూ. ఏటి వాలులో ఇంకా నిలకడ చిక్కనివి మూడోది.

నా ఉద్యోగమంతా కోనసీమ రెవెన్యూలోనే గడిచింది. వరద తీశాక సర్వేయరుతో కలిసి పడవెక్కి లంకల్లోకి వెళ్లేవాణ్ణి. పిక్కల్లోతు బురదలో మేం గొలుసు లాగుతుంటే, ఆ పక్కనే ఆడవాళ్లు వేలితో గుంట చేసి, బెండ గింజ వేసి, పాదంతో మట్టి సర్దుకుంటూ పోయేవారు. "మీరు కొలుచుకోండి బాబుగారూ, పదునారిపోద్ది, మేం ఇత్తనాలేసేసుకుంటామండి" అంది ఒకామె. ఆమె పేరు మా పుస్తకంలో ఎక్కడా లేదు. పేరున్న ఆయన అమలాపురంలో ఉండేవారు.

2023 నవంబరులో ప్రభుత్వం ఓ మంచి పని చేసింది. ఏ, బీ లంకలకు డీ-పట్టాలు, సీ లంకలకు అయిదేళ్ల కౌలు ఇస్తామంది. రాష్ట్రం మొత్తమ్మీద 17,768 మందికి 9,064 ఎకరాలని లెక్క చెప్పింది. తలకు అరెకరమే అయినా లంకలో అరెకరం కూరగాయల మడి చిన్నదేమీ కాదు. అంతకన్నా ముఖ్యం ఆ అయిదేళ్లన్న మాట. ఏటా చేతులు మారే నేలకు ఎవరూ పశువుల గెత్తం తోలరు.

సర్కారు లంకల సంగతి అలా ఉంటే, నా బాధంతా గుడి మాన్యాల దగ్గర. 1987 నాటి దేవాదాయ చట్టం 82వ సెక్షన్, భూమిలేని పేదలు కానివారి చేతుల్లో ఉన్న గుడి కౌళ్లను రద్దు చేసింది. సొంతమూ కౌలూ కలిపి రెండున్నర ఎకరాల మాగాణికో, అయిదెకరాల మెట్టకో మించకూడదని హద్దు కూడా గీసింది. కౌలు వేలంపాట రోజున గుడి మండపంలో నేను చూసింది వేరు. ధరావతు కట్టగలిగినవాడే ముందు వరసలో కూర్చుంటాడు, మక్తా పెంచుకుంటూ పోతాడు. పాట ఖాయం కాగానే మరికొన్ని బస్తాలు కలిపి ఆ చేనునే, స్తంభం పక్కన నిలబడ్డ అసలు రైతుకు తిరిగి కౌలుకిస్తాడు. దేవుడి ఆదాయం పెరిగిందని మనం సంతోషిస్తాం. ఆ పెరిగిన గింజలన్నీ దున్నేవాడి కంచంలోవే.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో అరటి నిలువునా కుళ్లింది. కాగితం మీద పేరు లేనివాడికి పరిహారం ఎలా చేరుతుంది? 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తుంది గానీ, దానికి యజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందేమోనని ఆసాములు జంకుతారు. వాళ్ల భయం వాళ్లది. యజమాని సర్కారో దేవుడో అయినచోట సంతకానికి అడ్డేమిటి?

ఇందుకు నాకో దారి తోస్తోంది. మా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841-1909) ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టారు. బడిపిల్లల మధ్యాహ్న భోజనం 2024 నుంచి ఆమె పేరు మీదే నడుస్తోంది. బియ్యం, గుడ్లు సర్కారు పంపుతుంది. కూరగాయలు మాత్రం వండే ఆడవాళ్లే బజార్లో కొనుక్కోవాలి, ధర మండిన నాడు సాంబారు పలచబడుతుంది. ఆ బడులకు కూతవేటు దూరంలోనే లంకలున్నాయి. సర్కారు లంకను డ్వాక్రా సంఘాలకు అయిదేళ్ల కౌలుకిచ్చి, మక్తాలో కొంత డబ్బుగా కాక కూరగాయలుగా ఆ బడులకే కొలవమంటే సరిపోతుంది. నీట మునిగిన ఏడు ఆ మక్తా మాఫీ చేయాలి.

జరగని పని కాదిది. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990లలోనే బీడు భూములను సాగులోకి తెచ్చారు. పెట్టుబడి అప్పును జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, ఎవరు నిరుపేదలో తామే తేల్చుకుని, తక్కువ ధరకు ఇచ్చారు. కేరళలో కుటుంబశ్రీ మహిళలు జట్లు కట్టి కౌలు నేలల్లో కూరగాయలు పండిస్తున్నారు. మన లంకల్లో వాళ్ల నేలకన్నా మంచి మన్నుంది.

మీ ఊరి గుడి భూమికి పాట పెట్టిన రోజున వెళ్లండి. అది బహిరంగ వేలం, ఎవరైనా వెళ్లవచ్చు. పాడినవాడే దున్నుతాడా, 82వ సెక్షన్ ప్రకారం అతను అర్హుడేనా అని లేచి అడగండి. చెప్పిన జవాబును కాగితం మీద రాయించండి.