దారం చివర తిరిగే చక్రం: యోయో ఎంపిక, సంరక్షణ

దిల్‌సుఖ్‌నగర్ కాలిబాట అంగళ్లలో రంగురంగుల ప్లాస్టిక్ ఆటవస్తువుల మధ్య యోయో కూడా ఉంటుంది. పిల్లవాడు అడుగుతాడు, తండ్రి కొనిస్తాడు. మెట్రోలో మూడు స్టేషన్లు దాటి ఎల్.బి.నగర్ చేరేలోగా దారం చిక్కుపడుతుంది. వారం తిరక్కుండానే అది మంచం కిందికి పోతుంది. "వీడికి దేనిమీదా నిలకడ లేదు" అన్న మాట పిల్లవాని మీద పడుతుంది. ఫోను మళ్లీ చేతికి వస్తుంది. నిజానికి లోపం చాలాసార్లు పిల్లవానిలో కాదు, వస్తువులోనే ఉంటుంది.

చౌక యోయోలో దారాన్ని ఇరుసుకు ముడివేసి బిగిస్తారు. అలాంటిది కిందికి పోయి వెంటనే వెనక్కి రావడం తప్ప మరేమీ చేయలేదు. ఆడదగిన యోయోలో దారం ఇరుసు చుట్టూ ఉచ్చులా వదులుగా ఉంటుంది. విసిరినప్పుడు చక్రం దారం చివరకు చేరి అక్కడే తిరుగుతూ నిలుస్తుంది. ఆటగాళ్లు దీన్ని 'స్లీపర్' అంటారు. తక్కిన విద్యలన్నీ ఆ కొద్ది క్షణాల వ్యవధిలోనే జరుగుతాయి. ముడివేసిన యోయోతో ఎంత పట్టుదల గల పిల్లవాడైనా ఆ మొదటి మెట్టు ఎక్కలేడు.

ఈ ఆటవస్తువు వయస్సు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. క్రీ.పూ. 440 ప్రాంతపు గ్రీకు పాత్ర ఒకదానిపై యోయో ఆడుతున్న బాలుని చిత్రం ఉంది. మన దేశంలోనూ సుమారు 1770 నాటి రాజస్థానీ చిత్రమొకటి యోయో ఆడుతున్న స్త్రీని చూపుతుంది. ఆధునిక యోయోకు ప్రాచుర్యం కల్పించినవాడు ఫిలిప్పీన్స్ నుండి అమెరికాకు వలస వెళ్లిన పెడ్రో ఫ్లోరెస్. 1928లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఆయన సొంత తయారీ సంస్థ నెలకొల్పాడు. దారాన్ని ముడివేయక ఉచ్చుగా తగిలించడమే ఆయన యోయోల ప్రత్యేకత. ఆ వ్యాపారాన్ని తరువాత డొనాల్డ్ డంకన్ కొన్నాడు. మన కాలిబాట యోయోలలో అనేకం ఫ్లోరెస్ కంటే వెనుకటి కాలంలోనే ఆగిపోయాయన్నమాట!

కొనేటప్పుడు దుకాణదారుని అనుమతితో రెండు భాగాలను తిప్పి విడదీసి చూడండి. విడిపోతే మంచి గుర్తు. చిక్కు పడినప్పుడు తీయవచ్చు, దారం మార్చవచ్చు. లోపల ఇరుసు చుట్టూ చిన్న బేరింగ్ ఉంటే మరీ మంచిది. రాపిడి తగ్గి చక్రం ఎక్కువసేపు తిరుగుతుంది. బరువు అంచుల వైపు ఎక్కువగా ఉన్న యోయో ఇంకా నిలకడగా తిరుగుతుంది. బొంగరం తెలిసిన తాతలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఖరీదైనదే మంచిదనుకుని, వెడల్పు బేరింగ్ ఉన్న అల్యూమినియం యోయో కొనడం మరో పొరపాటు. అవి పోటీ ఆటగాళ్ల కోసం చేసినవి. దారాన్ని లాగితే తిరిగి రావు. దారాన్ని మడిచి చక్రంలోకి అందించే 'బైండ్' అనే ప్రక్రియతోనే వెనక్కి వస్తాయి. అది తెలియని పిల్లవాడు బొమ్మ పాడైందనుకుంటాడు. మొదట కావలసింది చిన్న కుదుపుతో చేతికి వచ్చే రకం, అంటే 'రెస్పాన్సివ్' యోయో. తేలికైన ప్లాస్టిక్‌దే చాలు. దుబారా వద్దని నేర్పే ఇళ్లలో ఈ విషయం సులభంగా అర్థమవుతుంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 జనవరి 1 నుండి తప్పనిసరి. ఆ గుర్తు కోసం చూడండి. సాగే దారానికి మెత్తటి నీటి బంతి వేలాడే వస్తువును కూడా కొందరు యోయో అనే అమ్ముతారు. ఆ దారం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. బ్రిటన్ 2003లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. అది యోయో కాదు, ఇంటికి తేదగినదీ కాదు.

ఆటలంటే కాలహరణమని ముఖం చిట్లించే పెద్దలు మనలోనూ ఉన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలలో రెక్కల గుర్రమొకటి ఉండేదనీ, గుర్రానికి రెక్కలేమిటని అడిగిన దైవప్రవక్త (స) ఆమె జవాబు విని హాయిగా నవ్వారనీ అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆయన ఆ బొమ్మలను పక్కన పెట్టించలేదు, వాటి గురించి అడిగి తెలుసుకున్నారు. మనం ఆలోచించవలసినది ఆ శ్రద్ధ గురించే. అయితే గెలిచినవాడు ఓడినవాని డబ్బు తీసుకునే పందెం మాత్రం ఎంత చిన్నదైనా జూదమే. దాన్ని మొదటి రోజే తేటతెల్లం చేయాలి. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య గల సమయం ఈ ఆటకు చక్కగా సరిపోతుంది. అజాన్ వినిపించగానే దారం చుట్టేయడమూ అలవాటవుతుంది.

కొన్న యోయో దారం పిల్లలకు సాధారణంగా పొడవెక్కువ. చక్రాన్ని నేలకు తాకించి దారాన్ని నిటారుగా పట్టుకుని, బొడ్డు ఎత్తుకు కొంచెం పైన కత్తిరించి కొత్త ఉచ్చు వేయాలి. ఆ ఉచ్చులోనుండి దారాన్నే లాగి జారుముడి చేసి మధ్యవేలికి తొడగాలి. వేలు ఎర్రబడితే వెంటనే తీసేయాలి. ఆడేకొద్దీ దారం మెలిక బిగుస్తుంది లేదా వదులవుతుంది. అప్పుడప్పుడు వేలినుండి తీసి, చక్రాన్ని కిందికి వేలాడదీసి దానంతట అది తిరగనివ్వాలి. పోగులు లేచిన దారాన్ని మార్చడానికి వెనకాడకండి. తెగిన దారంతో ఎగిరే చక్రం కిటికీ అద్దాన్నే కాదు, చెల్లెలి కంటిని కూడా తాకగలదు. బేరింగ్ లేని చెక్క ఇరుసుకు నూలు దారమే వాడాలి. రాపిడి వేడికి పాలిస్టర్ కరుగుతుంది.

మన రోడ్ల దుమ్ము బేరింగ్‌కు మొదటి శత్రువు, వానాకాలపు తేమ రెండవది. తిరిగేటప్పుడు గరగర వినిపిస్తే బేరింగ్‌ను బయటికి తీసి, ఎలక్ట్రానిక్ పరికరాలు శుభ్రపరచే ఐసోప్రొపైల్ ద్రావకంలో కొద్దిసేపు నానబెట్టి పూర్తిగా ఆరబెట్టాలి. ఇది పెద్దలు, పొయ్యికి దూరంగా, కిటికీ తెరచి చేయవలసిన పని. తరువాత కుట్టుమిషను నూనె ఒక్క చుక్క సరిపోతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. హైదరాబాద్ చలికి అది సీసాలోనే గడ్డకడుతుంది, బేరింగ్‌లో గడ్డకట్టదా? లోహపు యోయో నేలను తాకి అంచు గరుకెక్కితే సన్నని ఉప్పుకాగితంతో రుద్దాలి. లేకుంటే దారం కోసుకుపోతుంది, వేలూ గీరుకుంటుంది. ప్లాస్టిక్ మరను బలంగా బిగించకూడదు, మర అరిగితే యోయో పోయినట్లే. చిక్కుముడిని కత్తితో పెకలించకుండా రెండు భాగాలను విడదీసి తీయాలి.

మార్చిన పాత దారాలను మాత్రం నేలమీద వదలకండి. ఇంట్లో పాకే పసిపాప ఉంటే వాటిని ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేసేయండి.