వాడిన చిన్నకారు: కొనుగోలు వెల, నడుపు వెల

రైతు కుటుంబమునకు కారు విలాసవస్తువను కాలము గడచినది. అర్ధరాత్రివేళ ఆసుపత్రికి పోవలసి వచ్చినను, వృద్ధులను పట్టణమునకు గొనిపోవలసి వచ్చినను ద్విచక్రవాహనము చాలదు. కావున మన గ్రామములందు పాత చిన్నకార్లు కొనువారు తరచుగా కానవచ్చుచున్నారు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడిపించి, కాడి కట్టి చూచెడి రైతులే కారు కొనునపుడు రంగు చూచి బయానా ఇచ్చుచున్నారు. అందుచేత మారుతి 800 కారును దృష్టాంతముగా గైకొని, పాతకారు ఎంతవరకు నమ్మదగినది, ఏటికి ఎంత ఖర్చు పెట్టించును అను సంగతులను ఇచట వివరింపదలచితిమి.

ఈ కారు 1983 డిసెంబరులో వెలువడినది. 2010 ఏప్రిలులో హైదరాబాదు మొదలగు 13 నగరములలో అమ్మకము నిలిచినది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయినది. కనుక నేడు బేరమునకు వచ్చునవి యన్నియు పదేండ్లు దాటినవే. ఇరువదేండ్లు దాటినవియు పెక్కు గలవు. ఇంజను 796 సి.సి., సిలిండర్లు మూడు, బండి బరువు సుమారు 650 కిలోలు. యంత్రము సరళమైనది; దేశమున ఇరువదైదు లక్షలకు పైగా అమ్ముడుపోయినది. అందుచేత చిన్న ఊరి మెకానిక్కునకు సయితము దాని మర్మము తెలియును, విడిభాగములును దొరకును. పాతకారు నమ్మదగినదనుటకు అర్థమిదియే. అది చెడదని కాదు. చెడినచో సమీపముననే, స్వల్పవ్యయముతో బాగుపడునని.

అయినను, బాగుచేయుటకు వీలుకాని స్థితికి దానిని తెచ్చునవి రెండు గలవు: వేడియు, తుప్పును.

మన పల్లెలలో రేడియేటరునందు బోరునీరు పోయుట వాడుక. ఆ నీటిలోని లవణములు టీకెట్లి అడుగున వలెనే రేడియేటరు గొట్టములలోపల పెచ్చుగట్టును. నీటి ప్రసరణ తగ్గి ఇంజను వేడెక్కును. సిలిండరు హెడ్డు అల్యూమినియపు మిశ్రలోహమగుటచే వేడికి వంగును. దాని క్రింది గ్యాస్కెట్టు కాలిపోయి నీరు నూనెలో కలియును. కొనబోవువారు ఇంజను చల్లగా నున్నపుడే రేడియేటరు మూత తీసి చూడవలెను. నీరు తుప్పురంగుగా నున్నను, దానిపై నూనెతెట్టు కానవచ్చినను ఆ బేరము మానుకొనుట మేలు. పిమ్మట ఇంజనును తమ యెదుటనే మొదటిసారి నడిపింపజేయవలెను. ముందుగానే వేడిచేసి యుంచిన ఇంజను తన లోపములను దాచుకొనును. పొగ నీలివర్ణముగా వచ్చినచో ఇంజను నూనెను త్రాగుచున్నదని గ్రహింపవలెను.

తుప్పును చూచుటకు లోపలి చాపలను ఎత్తవలెను. సముద్రతీర గ్రామములనుండి వచ్చిన బండ్ల విషయమున మరింత జాగ్రత్త యవసరము. రైతుల కార్లకు ప్రత్యేకముగా వచ్చు జబ్బొకటి కలదు: ఎరువుల బస్తాలు వేయుట. 45 కిలోల యూరియాబస్తాలు నాలుగు వేసినచో 180 కిలోలగును. స్ప్రింగులు క్రుంగుట యటుంచి, రాలిన ఎరువు చెమ్మను పీల్చి అడుగురేకును తినివేయును. ఇంజనును మరల కట్టవచ్చును గాని, అడుగు పోయిన కారునకు పెట్టిన డబ్బు తిరిగి రాదు. గడ్డివాము ప్రక్కన నిలిపిన బండిలో ఎలుకలు కొరికిన వైర్లు కూడ మిస్త్రీలకు నిత్యము తారసపడునవే.

టైర్ల ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు చదువుకొనవలెను. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్లు నిండుగా నున్నను రబ్బరు వయస్సు రబ్బరుదే.

ఇక లెక్క. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరుగు కుటుంబమును తీసికొందము. లీటరునకు 16 కిలోమీటర్లు, లీటరు వెల 110 రూపాయలు అనుకొన్నచో పెట్రోలునకు 34,375 రూపాయలు. మరమ్మతులకు, టైర్లకు, బ్యాటరీకి కలిపి 15,000 ప్రక్కన నుంచవలెను. 1000 సి.సి. మించని కారునకు మూడవపక్షపు బీమా 2022 జూనులో 2,094 రూపాయలుగా నిర్ణయింపబడినది. పన్నుతో కలిపి సుమారు 2,500. పదునైదేండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషనును అయిదేండ్లకొకసారి పునరుద్ధరింపవలెను. దీనికి రుసుము 2022 ఏప్రిలు నుండి 5,000 రూపాయలు. ఇరువదేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 చేయబడినది. అనగా ఏటికి 2,000. వెరసి 53,875 రూపాయలు; హరితపన్ను దీనికి వేరు. క్రొత్తకారునకై నాలుగు లక్షలు నూటికి 9 వడ్డీతో అయిదేండ్లకు అప్పు తెచ్చినచో, పెట్రోలు పోయకమునుపే నెలకు 8,300 చొప్పున ఏడాదికి లక్షకు సమీపించును.

కావున కొద్దిగా తిరుగువానికి పాతకారు లాభకరమే. దినమును అరువది కిలోమీటర్లు పోవువానికి మాత్రము మేము దానిని చెప్పము. ఈ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు, రేకు పలుచన. జాతీయరహదారిపై లారీల నడుమ పరుగెత్తుటకది తగినది కాదు.

పెట్రోలును గూర్చి యొక మాట. 2025 నాటికి దేశమంతట నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు వచ్చినది. మన చెరకు, మొక్కజొన్న, నూకలనుండియే ఆ ఇథనాలు తీయుచున్నారు గనుక రైతుగా సంతోషింపవచ్చును. పాతకారు యజమానిగా మాత్రము కొంత కనిపెట్టి యుండవలెను. అది పాతకాలపు రబ్బరుగొట్టములను మెత్తబరచును, తేమను పీల్చును. 2000 ప్రాంతమునకు ముందటి కార్బ్యురేటరు బండ్లకు ఈ బాధ మెండు. ఇంధనపు గొట్టములను క్రొత్తవి వేయించుకొని, బండిని నెలల తరబడి కదపకుండ నుంచరాదు.

కొనుటకు సొమ్ము ఎక్కడిది అను ప్రశ్నయు కలదు. మూడు లక్షల వరకు పంటరుణము గడువులోపల తీర్చువానికి నూటికి 4 వడ్డీకే లభించుచున్నది గదా యని దానిని కారునకు మళ్లించువారు గలరు. కారు పంట పండదు. గడువు దాటినచో ఆ రాయితీ పోవును, మరుసటి పైరునకు పెట్టుబడి కొరవడును.

చివరగా కాగితములు. అమ్మినవాడు అదే రాష్ట్రమువాడైనచో 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో పేరు మార్పించుకొనవలెను. పొరుగు రాష్ట్రపు బండియైనచో నిరభ్యంతర పత్రము లేనిదే పైకము చెల్లింపరాదు. పేరు మారకమునుపు ప్రమాదము జరిగినచో రిజిస్ట్రేషనులో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కావున అమ్మిన సభ్యులు కూడ తాళములిచ్చి ఊరకుండక, పేరుమార్పు పత్రములపై సంతకము చేసి, వాని నకళ్లను తమవద్ద నుంచుకొనవలెను. బీమాను క్రొత్త యజమాని పేర మార్చుటకు 14 దినముల గడువు కలదు.