మచ్చ ఎర్రబడితే మందు మానకండి

కుష్ఠుకు మందులు వాడుతున్న కొందరిలో పాత మచ్చలు ఉన్నట్టుండి ఎర్రబడి ఉబ్బుతాయి. మోచేతి దగ్గర నరం వాచి, తాకితే ఓర్చుకోలేని నొప్పి పుడుతుంది. "మందు పడలేదు, వేడి చేసింది" అని ఇంటివారు మాత్రలు మాన్పిస్తారు. ప్రియ పాఠకులారా, అది చాలా ప్రమాదం. ఆ వాపు మందు వలన వచ్చిన కీడు కాదు. దేహం తనలోని శత్రువుతో చేస్తున్న పోరాటం.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న ఈ క్రిమి చర్మంలోను, నరాలలోను కాపురముంటుంది. దానిని పసిగట్టేందుకు మన కాపలా కణాలపై టోల్ గ్రాహకాలు ఉన్నాయి. అవి కబురు పంపగానే కణంలోని కొన్ని జన్యువులు మేల్కొంటాయి. జన్యువులంటే తలిదండ్రుల నుండి మనకు సంక్రమించిన ఆజ్ఞల వంటివి. వాటిలో ఒక ఆజ్ఞ ప్రకారం టి.ఎన్.ఎఫ్. అనే పదార్థం తయారై వాపును రేపుతుంది.

హైదరాబాదు పాతబస్తీ వైపున్న ధూల్‌పేటలోని కుష్ఠు పరిశోధన కేంద్రంలో డాక్టర్ డయానా లాక్‌వుడ్ పనిచేశారు. హైదరాబాదు రోగులలో వచ్చే ఈ 'రియాక్షన్' గురించి ఆమె, తోటివారు 1993లో వ్రాశారు. ఆమె పాలుపొందిన మరొక పరిశోధన 1995లో వెలువడింది. రియాక్షన్‌లో చర్మానికి, నరానికి కలిగే హానితో టి.ఎన్.ఎఫ్. తయారీకి సంబంధమున్నదని అది చూపింది.

ఆజ్ఞ ఒకటే అయినా ఫలితం రెండు చోట్లా ఒకటి కాదు. చర్మం సాగుతుంది, వాపు తీసాక తేరుకుంటుంది. నరమైతే బిగుతైన తొడుగులో ఉంటుంది. లోపల వాస్తే అదే నలిగిపోతుంది. చేలో పడిన పందిని తరమడానికి కాగడాలు విసిరితే పందితోపాటు పైరూ కాలినట్లు, క్రిమిని చంపబోయి దేహం తన నరాన్నే పాడుచేసుకుంటుంది. స్పర్శ పోయేది, వేళ్లు వంకరపోయేది, పాదం వాలిపోయేది ఇందువల్లనే.

కాబట్టి మచ్చ ఎర్రబడినా, నరం నొప్పి పుట్టినా, చేతిలో పట్టు తగ్గినా, కన్ను మూతపడకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యుడు ప్రెడ్నిసొలోన్ వంటి వాపు తగ్గించే మందు ఇస్తారు. నరం దెబ్బతిన్న 6 నెలల లోపు మొదలుపెడితే కోలుకునే ఆశ ఎక్కువ. ఆ మందు మోతాదు మీకై మీరు పెంచవద్దు, తగ్గించవద్దు. కుష్ఠు మాత్రలు కూడా మానవద్దు. ప్రభుత్వ ఆసుపత్రులలో అవి ఉచితం.

చికిత్స పూర్తయిన తరువాత కూడా రియాక్షన్ రావచ్చు. అందుచేత మాత్రలు అయిపోయినవారి చేతులను, పాదాలను, కళ్లను ఇంటివారు అప్పుడప్పుడు చూస్తుండాలి.