కొత్త పికప్ కొన్నా: ఈఎంఐ పోగా ఎంత మిగులుతోంది? మొదటి రెండు నెలల లెక్క

ఆరేళ్లు వేరేవాళ్ల బండికి డ్రైవర్‌గా చేశాను. రెండు నెలల క్రితం సొంతంగా బొలెరో పికప్ తీసుకున్నా. 1.7 టన్నుల లోడు మోసే బండి. మాది మదనపల్లి వైపు, కిరాయి అంటే ఎక్కువ టమాటానే. చాలామంది తమ్ముళ్లు ఒకటే అడుగుతున్నారు, "అన్నా, మేం కూడా తీసుకోవచ్చా? గిట్టుబాటు అవుతుందా?" అని. అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేను. నా లెక్క మొత్తం ముందు పెడతా, మీ ఊరి కిరాయిలతో మీరే పోల్చి చూసుకోండి.

ముందు లోన్ సంగతి

నేను జీఎస్టీ తగ్గాక తీసుకున్నా. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద 28 శాతం పోయి 18 అయింది. కొంత డబ్బు చేతిలోంచి కట్టి, 8,50,000 లోన్ పెట్టా. నాలుగేళ్లు, వడ్డీ 10.5 శాతం. ఈఎంఐ 21,760 దాకా వస్తుంది.

ఇక్కడ ఒక విషయం బాగా వినండి. ఒక ఫైనాన్స్ ఆయన నాకు "6 శాతానికే ఇస్తాం" అన్నాడు. వినడానికి ఎంత బాగుంది! కానీ అది ఫ్లాట్ వడ్డీ. అంటే మనం నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 8,50,000 మీదే వేస్తారు. నాలుగేళ్లకు వడ్డీ 2,04,000. నేను తీసుకున్నది తగ్గే బ్యాలెన్స్ మీద వేసే వడ్డీ. అది 10.5 శాతం అయినా మొత్తం వడ్డీ 1,95,000 లోపే. 6 కంటే 10.5 చవక! అందుకే శాతం అడగొద్దు, "నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొత్తం ఎంత కట్టాలి" ఈ మూడే అడగండి.

డెలివరీ రోజు ఏం చూశానంటే

పూలదండ, టెంకాయ తర్వాత. ముందు ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ కాగితాలతో సరిపోయాయా లేదా చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3025 అని ఉంటే 2025లో 30వ వారం తయారైందని అర్థం. స్టెప్నీకి కూడా చూడండి. జాకీ, టూల్స్ ఉన్నాయా చూసుకోండి. ఇన్సూరెన్స్ అక్కడే తీసుకోవాలని రూల్ లేదు, బయట కూడా రేటు కనుక్కోండి.

ఇది పసుపు ప్లేటు బండి. ఫిట్‌నెస్ మొదట రెండేళ్లకు ఇస్తారు. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా చేయించాలి. మొత్తం బరువు, అంటే బండి ప్లస్ లోడు, 3 టన్నులు దాటితే పర్మిట్ కావాలి. నా బండి దాటుతుంది. లైసెన్స్ డౌట్ చాలామందికి ఉంది. 7,500 కిలోల లోపు బండ్లకు ఎల్‌ఎంవీ లైసెన్స్ సరిపోతుందని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తేల్చి చెప్పింది.

నడిపితే ఎలా ఉంది?

ఖాళీగా ఉన్నప్పుడు ఎగురుతుంది. ఏ పికప్ అయినా అంతే. వెనక కమాన్ కట్టలు లోడు మోయడానికి కట్టినవి, బరువు లేకపోతే గట్టిగా ఉంటాయి. లోడు పడ్డాక బండి కుదురుగా కూర్చుంటుంది. ఇంకోటి, వానలో ఖాళీ బండి జాగ్రత్త. వెనక బరువు ఉండదు కాబట్టి గట్టిగా బ్రేకు కొడితే వెనక భాగం జారుతుంది. లోడు బండికంటే ఖాళీ బండిలోనే నేను ఎక్కువ నెమ్మదిగా పోతున్నా.

అసలు లెక్క

మదనపల్లి నుంచి తిరుపతి పోయి రావడానికి దాదాపు 250 కిలోమీటర్లు. నాకు లీటరుకు 12 వస్తోంది, పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. డీజిల్ 2,040 దాకా అవుతుంది. టీ, భోజనం, దారి ఖర్చు 300. కిరాయి 5,000 అనుకుంటే 2,660 మిగులుతుంది. అది లాభం కాదు ఫ్రెండ్స్! టైర్లు అరుగుతున్నాయి, సర్వీసింగ్ వస్తుంది. కిలోమీటరుకు 2 రూపాయలు చొప్పున 500 పక్కన పెడుతున్నా. ఇక మిగిలింది 2,160.

అంటే నెలకు పది ట్రిప్పులు ఈఎంఐకే సరి. పదకొండోది ఇన్సూరెన్స్ కోసం దాస్తున్నా, ఎందుకంటే మన బండ్లకు ఏటా మొత్తం కట్టాల్సిందే. పన్నెండో ట్రిప్పు నుంచే మా ఇంటికి డబ్బు. మొదటి నెల 16 ట్రిప్పులు పడ్డాయి. ఇంటికి వచ్చింది పదివేల పైన. డ్రైవర్‌గా నా జీతం 15,000! రెండో నెల 19 ట్రిప్పులు, మూడు సార్లు తిరుగు లోడు కూడా దొరికింది. అప్పుడే పాత జీతం దాటాను. తిరుగు లోడు దొరికితే డీజిల్ ఖర్చు పెద్దగా పెరగదు, కిరాయి మాత్రం కొత్తగా వస్తుంది. లాభమంతా అందులోనే ఉంది.

ఓవర్‌లోడ్ వద్దన్నా

టమాటాతో నిండిన క్రేటు 28 కిలోలు వేసుకుంటే 60 క్రేట్లకు 1,680 కిలోలు. నా హద్దు అక్కడికే. మొన్న ఒక వ్యాపారి 100 క్రేట్లు ఎత్తమన్నాడు. 2,800 కిలోలు! "అందరూ వేస్తున్నారు, నీకొక్కడికేనా భయం" అన్నాడు. కిరాయి 1,500 ఎక్కువిస్తానన్నాడు. ఆ రోజు ఇంకో కిరాయి లేదు, ఈఎంఐ తేదీ నాలుగు రోజుల్లో ఉంది. అయినా వద్దన్నా.

ఎందుకంటే దారిలో భాకరాపేట ఘాట్ ఉంది. టన్నుకు పైగా అదనపు బరువుతో దిగుతుంటే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. పట్టుకుంటే చట్టంలో జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఎక్కువున్న సరుకు దించాకే కదలనిస్తారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లతో పేచీ. 1,500 కోసం ఇంత పణం పెట్టాలా? ఆ వ్యాపారి మళ్లీ పిలవలేదు. 60 క్రేట్లకు ఒప్పుకునే ఇద్దరు రైతులు మాత్రం ఇప్పుడు వారానికి రెండుసార్లు పిలుస్తున్నారు.

మరి కొనొచ్చా?

మీ చేతిలో ముందే నెలకు 15 ట్రిప్పులు ఇచ్చే మనుషులు ఉంటే కొనండి. బండి కొన్నాక కిరాయిలు వెతుక్కుందాం అనుకుంటే ఆగండి. టమాటా సీజన్ తగ్గే నెలలుంటాయి, ఈఎంఐ మాత్రం తగ్గదు. కనీసం మూడు ఈఎంఐల డబ్బు ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచుకుని దిగండి. నేను అలాగే దిగాను, అందుకే ఆ 100 క్రేట్లకు కాదని చెప్పగలిగాను.

వచ్చే ఎపిసోడ్‌లో తిరుగు లోడు ఎలా పట్టుకోవాలో చెప్తా. ఉంటా ఫ్రెండ్స్, జాగ్రత్తగా నడపండి.