“పడదు” అంటే ఏమిటి?

మా వెంగళరావు నగర్‌లో ఉదయం పూట ఏ టిఫిన్ బండి దగ్గర చూసినా ఇడ్లీతో పాటు పల్లీ చట్నీ ఉండి తీరుతుంది. ఒకనాడు అలాంటి బండి దగ్గర మా తరగతి పిల్లలు ఇద్దరు కనిపించారు. “నాకు చట్నీ వద్దు, పల్లీలు పడవు” అన్నాడు ఒకడు. రెండోవాడు నవ్వాడు. “నాకూ పాలు పడవురా! అయినా మా అమ్మ ఊరుకోదు, కొంచెమైనా తాగుతూనే ఉన్నా. ఒక్క ముక్కకు ఏమవుతుంది?” అంటూ చట్నీలో ముంచిన ఇడ్లీ ముక్కను స్నేహితుడి నోటికి అందించబోయాడు. నేను గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాను.

“ఒక్క ముక్కే కద సార్!” అన్నాడు వాడు తెల్లబోయి.

మనవాళ్లు రెండింటికీ “పడదు” అనే ఒకే మాట వాడతారు. అందుకే వాడికి తేడా తెలియలేదు. కాని శరీరం లోపల జరిగే పనులు వేరు వేరు. అవేమిటో చూద్దాం.

పాలు ఎందుకు పడవు?

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. ఒక గ్లాసు పాలలో సుమారు 10 గ్రాములు. ఇది ఉన్నదున్నట్టుగా రక్తంలోకి చేరలేదు. చిన్న ప్రేగు గోడలలో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైము దీన్ని గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టాలి.

పసితనంలో ఈ ఎంజైము పుష్కలంగా ఉంటుంది. పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు లాక్టోజ్ విడిపోకుండానే పెద్ద ప్రేగుకు చేరి, ద్రవాభిసరణం వల్ల నీటిని లాగుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి వాయువులను విడుదల చేస్తాయి. ఫలితంగా కడుపు ఉబ్బరం, నొప్పి, విరేచనాలు.

దీన్ని జబ్బు అనుకోనక్కరలేదు. నిజానికి పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలగడమే ఒక జన్యు మార్పు వల్ల వచ్చిన శక్తి. మన హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, ఇతర దేశాల వారితో కలిసి చేసిన ఒక పరిశోధన 2012లో వెలువడింది. యూరప్ వారిలో ఉన్న మార్పే మన దేశంలోనూ ఉందని, వాయవ్య దిక్కు నుండి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గుతుందని అందులో తేలింది. అంటే దక్షిణాదివాళ్లమైన మనలో పాలు పడనివారు ఎక్కువన్నమాట.

మరి అలాంటివారు పెరుగన్నం హాయిగా ఎలా తింటారు? పాలు తోడుకునేటప్పుడు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది. పైగా పెరుగులోని బాక్టీరియా తన ఎంజైముతో మిగిలినదాన్ని అరిగించడానికి సాయపడుతుంది. కాబట్టి ఇక్కడ ప్రశ్న “ఎంత?” అన్నదే. గ్లాసెడు పాలు పడనివారికి కాఫీలోని కొద్దిపాటి పాలు సాధారణంగా ఏమీ చేయవు.

పల్లీల సంగతి వేరు

పల్లీలు పడని పిల్లవాడి అరుగుదలలో లోపమేమీ లేదు. వాడి రోగనిరోధక వ్యవస్థ పల్లీలలోని ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడింది. దానికోసం ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకాలను తయారుచేసి, మాస్ట్ కణాల మీద కాపలా పెట్టింది. మళ్లీ ఆ ప్రొటీన్ లోపలికి రాగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, వాంతులవుతాయి. తీవ్రమైతే గొంతు వాచి ఊపిరి అందదు, రక్తపోటు పడిపోతుంది. దీనినే అనాఫిలాక్సిస్ అంటారు.

ఈ పేరు పెట్టినవారు ఫ్రెంచి శాస్త్రవేత్తలు రిషే, పోర్టియర్. సముద్ర జీవుల విషాన్ని కుక్కలకు ఎక్కించి, అవి విషాన్ని తట్టుకోవడం అలవరచుకుంటాయని ఆశించారు. జరిగింది తలకిందులు! కొన్ని వారాల తరువాత చాలా తక్కువ మోతాదు ఇచ్చినా కుక్క నిమిషాలలో చనిపోయింది. 1902లో వారు ఈ విషయం ప్రకటించారు. 1913లో రిషేకు నోబెల్ బహుమతి వచ్చింది.

“ఒక్క ముక్కే కద!” అన్నదానికి జవాబు ఇదే. ఎలర్జీ ఉన్నవారికి ఒక్క ముక్క కూడా ఎక్కువే. పల్లీ చట్నీలో ముంచిన గరిటెతో అల్లం చట్నీ వడ్డించినా ముప్పు రావచ్చు.

పాలలోని ప్రొటీన్‌కు ఎలర్జీ ఉన్నవారూ ఉంటారు. వారికి పెరుగూ పనికిరాదు. కనుక “పాలు పడవు” అన్నమాట విన్నప్పుడు ఏ కారణం వల్లనో తెలుసుకోవాలి.

మూడో రకం

సీలియాక్ అనే వ్యాధిలో గోధుమలలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే, రోగనిరోధక వ్యవస్థ తన చిన్న ప్రేగునే దెబ్బతీస్తుంది. వీరు చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా జీవితాంతం మానుకోవాలి. అన్నం, జొన్న రొట్టె, రాగి సంకటి తినవచ్చు. కాని సాంబారులో వేసే ఇంగువ మాట? బజారులో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలుపుతారు!

మనం చేయవలసినది

తోటివారు “పడదు” అంటే ఎగతాళి చేయకండి, బలవంతం చేయకండి. ఎవరికైనా ఊపిరి ఆడకపోతే వెంటనే పెద్దలను పిలిచి 108కి ఫోన్ చేయించండి. నిలబెట్టవద్దు, నడిపించవద్దు. ప్రాణం కాపాడే మందు తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. మాత్ర వేసి చూద్దామని ఆలస్యం చేయరాదు. అలాగే ఏ ఆహారాన్నీ సొంతంగా మానేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఆనాడు బండి దగ్గర, పాలు పడని పిల్లవాడు కాసేపు ఆలోచించి, “అయితే సార్, నాకు కడుపు నొప్పి, వీడికి ప్రాణం మీదికి” అన్నాడు. పాఠం వాడికి బాగా అర్థమైంది.

మీరు చేయండి: 2020 నాటి నిబంధనల ప్రకారం మన దేశంలో ప్యాకెట్ల మీద పాలు, గోధుమ, పల్లీ, సోయా, గుడ్డు, చేప వంటివి ఉంటే ఆ సంగతి ముద్రించాలి. మీ వంటింట్లోని బిస్కెట్ ప్యాకెట్, చాక్లెట్, ఇంగువ డబ్బా తీసి చదవండి. ఏమేమి కనిపించాయో పట్టికగా రాసి, తరగతిలో చర్చించండి.